నల్లి లెక్క యాప్‌లో ఎక్కించేటప్పుడు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

తేనెపెట్టెల లెక్కలు, ముఖ్యంగా తేనెటీగలను, వాటి పిల్లలను పట్టి బతికే నల్లి అనే చిన్న పురుగు లెక్కలు, కాగితం పుస్తకంలోంచి ఫోనులోకి మార్చుకుంటున్న పాఠకుల ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. బెంగళూరు చుట్టుపక్కల నుంచి వచ్చిన వాటితో పాటు చెన్నై ఉత్తరం ఒకటి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మామిడి తోటలో ఇరవై మెల్లిఫెరా (విదేశీ జాతి తేనెటీగ) పెట్టెలు పెట్టాను. యాప్‌లో నల్లి సంఖ్యకు ఒకటే గడి ఉంది. అడుగు పలక మీద రాలినవి రాయాలా, సీసాలో కడిగి లెక్కపెట్టినవి రాయాలా? శాతం వేసి రాయాలా?
— ఒక పాఠకుడు, హోస్కోటె

జవాబు: ఉత్త అంకె రాస్తే ఆరు నెలలు పోయాక అది మీకే అర్థం కాదు. ‘9’ అని ఉందనుకోండి. మూడు వందల ఈగల్లో తొమ్మిది నల్లులుంటే 3 శాతం, మందు వేయాల్సిందే. జిగురు పలక మీద మూడు రోజుల్లో తొమ్మిది రాలితే రోజుకు మూడు, ఆ పెట్టెకు తొందర లేకపోవచ్చు. అందుకని నల్లులు ఎన్ని, ఎన్ని ఈగల్లో, ఏ పద్ధతిలో అన్న మూడూ కలిపి రాయండి: ‘9/300 ఆల్కహాల్’. గడిలో అంకె తప్ప మరేదీ పట్టకపోతే అక్కడ శాతం వేసి, మిగిలింది నోట్స్‌లో పెట్టండి. ఒక్కో పెట్టెకు ఒక్కో పద్ధతి వాడితే యాప్ గీసే గ్రాఫును నమ్మడానికి లేదు. పంచదార పొడితో ఊపినప్పుడు రాలే నల్లులు ఆల్కహాల్‌తో కడిగినప్పటి కన్నా సాధారణంగా తక్కువే. పద్ధతి మారిస్తే నల్లి తగ్గినట్టు కనిపిస్తుంది, నిజంగా తగ్గదు.

లెక్క తీసే తీరు ఇది. ముందు రాణి ఏ ఫ్రేము (ఈగలు పట్టు కట్టే చెక్క చట్రం) మీద ఉందో చూసి దాన్ని పక్కన పెట్టండి. గదులకు ఇంకా మైనం మూత పడని పిల్లపురుగులున్న ఫ్రేము మీది ఈగలను ట్రేలోకి దులిపి అరకప్పు, అంటే 120 మిల్లీలీటర్లు, తీసుకుంటే సుమారు 300 ఈగలు వస్తాయి. మొదటిసారి మాత్రం కడిగాక ఆ ఈగలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. మీ కప్పు 240 పట్టినా 350 పట్టినా ఆ తేడా ఇక ప్రతి శాతంలోనూ ఉంటుంది కాబట్టి సీసాకు గీత సరిచూసి పెట్టుకోండి. ఆల్కహాల్ లేదా గిన్నెల సబ్బు కలిపిన నీళ్లు పోసి ఒక నిమిషం ఊపి, 3 మిల్లీమీటర్ల కన్నుల జాలీలో వడకట్టి, తెల్లటి పళ్లెంలో లెక్కపెట్టాలి.

ఈగలను చంపడం ఇష్టం లేనివారు రెండు టేబుల్ స్పూన్ల మెత్తటి పంచదార పొడి వేసి ఒక నిమిషం దొర్లించి, రెండు నిమిషాలు ఆగి, జాలీ మూతలోంచి దులపాలి. వానాకాలంలో బెంగళూరు తేమకు పొడి ఉండ కడుతుంది, నల్లులు ఈగలకే అంటుకుని ఉండిపోతాయి. జూలైలో ఈ పద్ధతిలో సున్నా వచ్చిందని ధైర్యపడొద్దు. వాతావరణం కూడా నోట్స్‌లో రాయమనడం ఇందుకే.

ఇరవై పెట్టెలున్నచోట కనీసం ఎనిమిదింటిని పరీక్షించండి. పరీక్షించని పెట్టెకు ‘0’ వేయకండి, గడి ఖాళీగా వదిలేయండి. చాలామంది చేసే పొరపాటు ఇదే. ఆ సున్నాలతో యాప్ సగటు తీస్తుంది, తోటంతా శుభ్రంగా ఉన్నట్టు చూపిస్తుంది. 2 శాతం దగ్గర జాగ్రత్త పడి, 3 దగ్గర మందుకు దిగండి. చలిదేశాల్లో శీతకాలంలో రాణి గుడ్లు ఆపితే నల్లికి కూడా విరామం వస్తుంది. మన దగ్గర ఏడాది పొడుగునా పిల్లలుంటాయి కాబట్టి నెలకొకసారి లెక్క తప్పదు.

ప్రశ్న: ఆల్కహాల్‌తో కడిగిన ప్రతిసారీ ఒకటో రెండో నల్లులు వస్తున్నాయి, యాప్ ఆకుపచ్చ రంగు చూపిస్తోంది. కానీ పెట్టె ముందు రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పాకుతున్నాయి, మూత పడిన గదులకు చిల్లులు కనిపిస్తున్నాయి. తప్పు నాదా, యాప్‌దా?
— ఒక పాఠకురాలు, ఆనేకల్

జవాబు: మీ పద్ధతిలో తప్పు లేదమ్మా. కానీ ఆ పద్ధతి వరోవా అనే ఒక రకం నల్లిని పట్టడానికి పుట్టింది. మీ పెట్టెలో ట్రోపిలేలాప్స్ అనే వేరే రకం నల్లి ఉండే అవకాశం ఎక్కువ. వరోవా పెద్ద ఈగను పట్టుకుని రోజుల తరబడి తిరుగుతుంది, అందుకే కడిగితే దొరుకుతుంది. ట్రోపిలేలాప్స్ పెద్ద ఈగను కుట్టి బతకలేదు. గదిలోంచి బయటికొచ్చాక ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పిల్ల ఉన్న గదిలో దూరాలి. నల్లులన్నీ మూతల కిందే ఉంటే సీసాలోకి ఏమొస్తాయి?

వీటిని చూడటానికి పిల్లలున్న ఫ్రేము మీది ఈగలన్నిటినీ దులిపేసి, ఫ్రేము చెక్కను తెల్లటి ట్రే అంచుకు గట్టిగా కొట్టండి. ఒక పక్క అయ్యాక రెండో పక్క. ట్రేలో ఎర్రటి గోధుమరంగులో, పొడుగ్గా, మిల్లీమీటరు కన్నా చిన్నవి చకచకా పరుగెత్తుతుంటే అవే. వరోవా అలా పరుగెత్తదు. పీతలా అడ్డంగా వెడల్పుగా, దాదాపు 1.6 మిల్లీమీటర్లుంటుంది. ఇంకా కచ్చితమైన లెక్క కావాలంటే మూత పడిన గదులు వంద పట్టుకారుతో తెరిచి, ఎన్నింట్లో నల్లి ఉందో రాసుకోండి.

యాప్‌లో రెండు నల్లులకు రెండు వేరు గళ్లు పెట్టండి. సొంతంగా గళ్లు చేర్చుకునే వీలు లేని యాప్ అయితే మన ప్రాంతానికి అది సరిపోదు, గూగుల్ షీట్ మేలు. బయటి దేశాల్లో తయారైన యాప్‌లు చాలావరకు వరోవా ఒక్కదాన్నే దృష్టిలో పెట్టుకున్నవి. ట్రోపిలేలాప్స్ మూలం కొండ తేనెటీగ. బెంగళూరు అపార్టుమెంట్ల సన్‌షేడ్ల కింద, నీళ్ల ట్యాంకుల కింద వేలాడే పెద్ద పట్లు దానివే. మీ పెట్టెలకు దగ్గరలో అలాంటి పట్టు కట్టిన తేదీ, లేచిపోయిన తేదీ కూడా రాసి ఉంచండి. పురుగు ఏదో తేల్చుకోలేకపోతే నాలుగైదింటిని 70 శాతం ఆల్కహాల్‌లో వేసి, బెంగళూరులోని జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తేనెటీగల మీద పనిచేసేవారికి చూపించండి.

ట్రోపిలేలాప్స్‌కు మన దగ్గర వాడుకలో ఉన్నది గంధకం పొడి. ఫ్రేముకు 200 మిల్లీగ్రాముల చొప్పున పై బద్దల మీద చల్లి, వారం పది రోజుల తేడాతో మళ్లీ వేస్తారు. పది ఫ్రేముల పెట్టెకు అది 2 గ్రాములే. చేత్తో చల్లితే అంతకు మూడు నాలుగింతలు పడిపోయి పిల్లలు చస్తాయి. 0.1 గ్రాము చూపించే చిన్న కాటా కొనుక్కుని, పొట్లాలు ముందే కట్టుకుని వెళ్లండి.

ప్రశ్న: మందు వేసిన తేదీ, మందు పేరు రాస్తున్నాను. ఇంకా ఏం కావాలి?
— ఒక పాఠకుడు, దేవనహళ్లి

జవాబు: మందుకు ముందు లెక్క, తర్వాత లెక్క. ఈ రెండూ లేకపోతే మందు కొన్నారని తెలుస్తుంది, పనిచేసిందో లేదో తెలియదు. ముందు 12/300, తర్వాత 2/300 వచ్చిందనుకోండి. తగ్గినవి పది, పదిని పన్నెండుతో భాగిస్తే 83 శాతం పనిచేసినట్టు. అదే మందు మూడు విడతల్లో 83, 70, 50కి దిగుతూ ఉంటే నల్లి మందుకు అలవాటు పడుతోందేమోనని చూడాలి. ఫ్లువాలినేట్ అనే నల్లి మందు పట్టీల విషయంలో చాలా దేశాల్లో ఇదే జరిగింది.

‘తర్వాత’ అంటే ఎప్పుడో మందును బట్టి మారుతుంది. ఫార్మిక్ యాసిడ్ ఆవిరి గది మూతల్లోంచి లోపలికి దిగుతుంది. మన దగ్గర 85 శాతం యాసిడ్‌ను రోజుకు 5 మిల్లీలీటర్ల చొప్పున, దూది వత్తి పెట్టిన చిన్న సీసాలో, పదిహేను రోజులు ఇస్తారు. శ్రామిక ఈగ మూత కింద ఉండేది దాదాపు పన్నెండు రోజులు కాబట్టి ఆ పదిహేను రోజుల్లో ప్రతి గదీ ఒకసారి తెరుచుకుంటుంది. మధ్యలో నాలుగు రోజులు మానేస్తే ఈ లెక్కంతా చెడిపోతుంది, అందువల్ల యాప్‌లో మొదలైన తేదీ ఒకటే కాకుండా పదిహేను రోజులకూ పదిహేను టిక్కులు ఉండాలి. ముగిసిన వారంలోపు ఒకసారి, నెలకు ఇంకోసారి లెక్క తీయండి. వారానికి తక్కువ ఉండి నెలకు ఒక్కసారిగా పెరిగితే, బలహీనపడిన పక్క పెట్టెలను దోచుకొచ్చిన ఈగల మీద నల్లి వచ్చిందేమో అనుమానించాలి. తోటలోని పెట్టెలన్నిటికీ ఒకే రోజున మందు మొదలుపెట్టమనడం అందుకే.

ఆక్సాలిక్ యాసిడ్ మూతల కిందికి పోదు. లీటరు పాకానికి 35 గ్రాములు కలిపి (పంచదార, నీళ్లు సమానం) ఫ్రేముల మధ్య ఈగలున్న ప్రతి సందుకూ 5 మిల్లీలీటర్లు, పెట్టె మొత్తానికి 50 దాటకుండా పోయాలి. పెట్టె నిండా మూత పడిన పిల్లలుంటే నల్లుల్లో ఎక్కువ భాగం ఆ మూతల కిందే క్షేమంగా ఉంటాయి. మూడో రోజు లెక్క తక్కువ వచ్చిందని సంతోషిస్తే రెండు వారాల్లో అవన్నీ బయటికొస్తాయి. ఆక్సాలిక్ రాసేటప్పుడు పక్కనే ‘మూత పడిన పిల్లల ఫ్రేములు ఎన్ని’ అని ఒక గడి తప్పక ఉండాలి.

మందు సీసా మీది బ్యాచ్ నంబరు ఫొటో తీసి పెట్టండి, తేనె గది (తేనె కోసం పైన పెట్టే అర) దించిన తేదీ, మళ్లీ ఎక్కించిన తేదీ కూడా రాయండి. అమ్ముకునే తేనె పెట్టె మీద ఉండగా మందు వేయొద్దు. మరో చిన్న తనిఖీ ఉంది. పెట్టెకు పదిహేను రోజులకు ఫార్మిక్ 75 మిల్లీలీటర్లు, ఇరవై పెట్టెలకు లీటరున్నర. మీ డబ్బాలో రెండు లీటర్లు తగ్గితే ఎక్కడో కొలత తప్పింది. పంటల మీద కొట్టే నల్లి మందును చెక్కముక్కకు పూసి పెట్టెలో పెట్టేవాళ్లున్నారు. దానికి మోతాదు తెలియదు, ఫ్లువాలినేట్ లాంటివి మైనంలో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అలా చేయకండి. కొనుక్కున్న పెట్టెలో అలాంటి ముక్క కనిపిస్తే మాత్రం తీసేసి, ఆ సంగతి రాయండి.

ప్రశ్న: మాది చెన్నై. మార్చి నెలాఖరులో ఫార్మిక్ ఇవ్వమని యాప్ గుర్తు చేసింది, ఇచ్చాం. ఆరు పెట్టెల్లో రెండింటిలో రాణులు పోయాయి. మోతాదు సరిగ్గానే వేశాం.
— ఒక పాఠకుడు, తాంబరం

జవాబు: మోతాదు సరే, ఎండ సంగతి చూడలేదు. సుమారు 30 డిగ్రీలు దాటితే ఫార్మిక్ ఒక్కసారిగా ఆవిరవుతుంది. రోజంతా మెల్లగా రావాల్సిన మందు ఘాటు కొద్ది గంటల్లోనే తగులుతుంది, రాణి, చిన్న పిల్లలు తట్టుకోలేవు. చెన్నైలో దీనికి అనువైనది డిసెంబరు, జనవరి. బెంగళూరులో నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా, మళ్లీ వానల్లో చల్లబడ్డాక. యాప్‌లో మందుకు పెట్టిన ‘నెలకొకసారి గుర్తు చేయి’ తీసేసి, గుర్తు చేయడం లెక్క తీయడానికే ఉంచండి. మందు వేయాలో వద్దో ఆ రోజు వచ్చిన శాతం, ఆ వారం ఎండ చూసి మీరే నిర్ణయించాలి. మందు పెట్టిన రోజుల్లో అత్యధిక ఉష్ణోగ్రత రాసి ఉంచితే, ఇకముందు రాణి పోయినప్పుడు కారణం వెతుక్కోనక్కర్లేదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా 85 శాతం యాసిడ్ ముట్టుకోవద్దు, పక్కన బకెట్ నీళ్లుండాలి.

ప్రశ్న: మేడ మీద రెండు ఇండికా పెట్టెలున్నాయి. నల్లి మందు వేయలేదని యాప్ ఎర్ర గుర్తులు చూపిస్తోంది.
— ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: వేయకండి. ఇండికా అంటే మన పుట్ట తేనెటీగే. దీనికీ వరోవా జాతి నల్లులకూ తరతరాల సహవాసం. ఈ ఈగ నల్లిని దులుపుకుంటుంది, నల్లి పెరిగేది ప్రధానంగా మగ ఈగల గదుల్లోనే. మీరు చూడాల్సింది థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్. 1991-92లో దక్షిణాదిన ఇండికా పెట్టెలను ఊడ్చేసింది అదే. గదుల్లో తల పైకెత్తి నిలబడి, పట్టుకారుతో తీస్తే నీళ్ల సంచిలా వచ్చే పిల్లపురుగులు కనిపిస్తే వాటి సంఖ్య రాయండి. దీనికి మందు లేదు. తట్టుకున్న పెట్టె ఏదో మీ రికార్డు చెబితే, దాని రాణి సంతానంతోనే పెట్టెలు పెంచుకోవాలి. యాప్‌లో నల్లి గడి తీసేసి మైనపు పురుగు, ఈగలు లేచిపోయిన తేదీ అన్న గళ్లు పెట్టుకోండి.

ప్రశ్న: యాప్ లెక్కలు ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు నోట్స్ పిచ్చి గుర్తుల్లా వస్తున్నాయి. కొన్ని పెట్టెల నంబర్లు తేదీలుగా మారిపోయాయి. రెండు పెట్టెల చరిత్ర కూడా కలిసిపోయినట్టుంది.
— ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: మొదటి దానికి ఫైలును రెండు నొక్కులతో తెరవకండి. ఎక్సెల్‌లో ‘డేటా’ మెనూలోంచి ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ తీసుకుని, ఎన్‌కోడింగ్ 65001 యూటీఎఫ్-8 ఎంచుకుంటే తెలుగు సరిగ్గా వస్తుంది. రెండోది, మూడో వరుస నాలుగో పెట్టెను ‘3-4’ అని రాసి ఉంటారు, ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంది. ‘హెచ్07’ లాగా అక్షరంతో మొదలుపెట్టండి. తేదీల్లో కూడా చిక్కుంది. ఫోను అమెరికా అమరికలో ఉంటే 05/06 అన్నది జూన్ 5 కాకుండా మే 6 అవుతుంది, మందు నెల ముందే వేసినట్టు కనిపిస్తుంది. ఫోను ప్రాంతాన్ని ఇండియాకు మార్చి, నెలను పేరుతో చూపించే అమరిక పెట్టండి.

మూడో దానికి కారణం బహుశా క్యూఆర్ స్టిక్కర్ మూత మీద అంటించడం. పని తొందరలో మూతలు మారిపోతాయి. సంతాన గది (పిల్లలుండే కింది అర) పక్క గోడ మీద నంబరు పెయింటుతో రాసి, స్టిక్కర్ దాని కింద అంటించండి. పెట్టెను విడదీసినా కలిపినా నంబరు ఒకదానికే మిగులుతుంది కాబట్టి రాణికి వేరుగా నంబరు పెట్టి, ఏ రాణి ఏ పెట్టెలోకి వెళ్లిందో తేదీతో రాయాలి. రాణికి రంగు చుక్క పెట్టేవారు అంతర్జాతీయ వరుస పాటిస్తే మంచిది: ఏడాది చివర 1, 6 అయితే తెలుపు, 2, 7 పసుపు, 3, 8 ఎరుపు, 4, 9 ఆకుపచ్చ, 5, 0 నీలం.

తోటలో సిగ్నల్ లేనప్పుడు రాసింది నిలుస్తుందో లేదో ఇంట్లోనే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పరీక్షించండి. నెలకొకసారి ఫైలు దించి వేరేచోట దాచండి. తోలు తొడుగులతో తెర పనిచేయదు కాబట్టి పక్కనున్నవారికి చెప్పి రాయించడమో, గొంతు రికార్డు చేసి అదే సాయంత్రం ఎక్కించడమో చేయండి. మర్నాటికి వదిలేస్తే ఏ అంకె ఏ పెట్టెదో కలిసిపోతుంది.