స్విచ్‌లోకి రాగి, ఫైబర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ: కేబుల్ లాగించారు, నెట్‌వర్క్ స్విచ్‌లో (కంప్యూటర్లను, కెమెరాలను కలిపే పెట్టెలో) పెట్టారు, పని జరగట్లేదు. అందులోంచి ఐదు ఎంచుకున్నాం. తప్పు కేబుల్ మధ్యలో దొరకడం అరుదు. ఆ చివరో ఈ చివరో అంగుళం లోపలే ఉంటుంది. అందుకే చివర్ల పని గురించి విపులంగా రాస్తున్నాం.

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర మాది రైస్ మిల్లు. ఆఫీసు నుంచి లారీల కాటా గదికి 140 మీటర్లు. క్యాట్ 6 వైరు (రాగి నెట్‌వర్క్ వైరు) స్తంభాల మీదుగా లాగించాం. పొద్దున పనిచేస్తుంది, మధ్యాహ్నం ఎండకు లింకు పోతుంది. ఈ వానాకాలం పిడుగులకు రెండుసార్లు స్విచ్ పోర్టులు కాలిపోయాయి. కాటా దగ్గర రెండు కెమెరాలు కూడా ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ఆ వైరు విప్పించేయండి. మధ్యలో ఇంకో స్విచ్ పెట్టి పొడిగించడం, సర్జ్ ప్రొటెక్టర్ తగిలించడం లాంటి అతుకుల పని మీ మిల్లులో నిలవదు.

రాగి వైరు మీద ఈథర్‌నెట్‌కు (స్విచ్‌లు మాట్లాడుకునే పద్ధతికి) హద్దు 100 మీటర్లు: స్థిరంగా వేసిన వైరు 90, రెండు చివర్ల ప్యాచ్ కార్డులు (పొట్టి కలుపు వైర్లు) కలిపి 10. మీరు హద్దు దాటి 40 మీటర్లు పోయారు. రాగి వేడెక్కితే నిరోధం పెరిగి సిగ్నల్ ఇంకా నీరసిస్తుంది. పొద్దున అంచు మీద బతికిన లింకు మధ్యాహ్నం పడిపోయేది అందుకే. పిడుగు సంగతి వేరు. ఈథర్‌నెట్ పోర్టులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు 1,500 వోల్టుల దాకా తట్టుకునేలా ఉంటాయి. రెండు భవనాలకు వేర్వేరు ఎర్తింగ్ ఉండి, దగ్గర్లో పిడుగు పడితే ఆ రెండు ఎర్తుల మధ్య అంతకు ఎన్నో రెట్లు వోల్టేజీ లేస్తుంది. దానికి దారి మీ క్యాట్ 6 వైరే. ఫైబర్ అంటే గాజు పోగు. దాంట్లో వెలుతురు పోతుంది, కరెంటు పారదు. అందుకే భవనం దాటి బయటికి పోయే ప్రతి లింకూ ఫైబరే కావాలని గట్టిగా చెబుతున్నాం.

కొనాల్సినవి ఇవి. 6 కోర్ల (పోగుల), సింగిల్ మోడ్ (సన్నటి దారి ఉండి ఎక్కువ దూరం పోయే రకం), ఆర్మర్డ్ (ఉక్కు తొడుగు ఉన్న) ఫైబర్ కేబుల్ 170 మీటర్లు. 140 దారికి, మిగతాది వంపులకు, రెండు చివర్లా చుట్టి ఉంచే పదేసి మీటర్లకు. కేబుల్ కోర్లు వచ్చి ముగిసే, గోడకు బిగించే ఎల్‌ఐయూ పెట్టెలు 2. వాటిలోకి ఎల్‌సీ (చిన్న ఫైబర్ కనెక్టర్) పిగ్‌టెయిల్స్, అంటే ఒక చివర కనెక్టర్ ఉన్న పొట్టి పోగులు, ఒక్కో వైపు 6. ఎల్‌సీ డూప్లెక్స్ (రెండు పోగుల) ప్యాచ్ కార్డులు 2. గిగాబిట్ ఎల్‌ఎక్స్ (సింగిల్ మోడ్) రకం ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్లు (స్విచ్ పోర్టులో దిగి, సిగ్నల్‌ను వెలుతురుగా మార్చే ముక్కలు) 2; వాటి మీద 1310 నానోమీటర్లు (వెలుతురు తరంగం), 10 కిలోమీటర్లు (పోగలిగే దూరం) అని ఉండాలి. ఎస్‌ఎఫ్‌పీ పోర్టు ఉన్న స్విచ్‌లు రెండు వైపులా. 140 మీటర్లకు మల్టీమోడ్ (దారి వెడల్పుగా ఉండి, తక్కువ దూరాలకు వాడే రకం) చాలదా అని షాపులో అడుగుతారు. చాలుతుంది. కానీ రేపు 10 గిగాబిట్‌కు వెళ్లినా, దూరం పెరిగినా సింగిల్ మోడ్ కేబుల్ మార్చే పని రాదు. వాడేది 2 కోర్లే అయినా 6 కోర్లు వేయడం వృథా కాదు. తవ్వకం ఖర్చు ముందు కోర్ల ఖర్చు ఎంతో తక్కువ.

ఆర్మర్డ్ ఎందుకంటే, ధాన్యం ఉన్నచోట ఎలుకలుంటాయి. ఉక్కు తొడుగు లేని కేబుల్‌ను కొరికేస్తాయి. కేబుల్‌ను హెచ్‌డీపీఈ పైపులో, మీటరు లోతున వేయించండి. లారీలు తిరిగే చోట ఆ పైపును జీఐ పైపులోంచి పంపండి. లాగేటప్పుడు కేబుల్ మందానికి 20 రెట్లు, బిగించాక 10 రెట్లు వ్యాసార్ధం కంటే తక్కువగా ఎక్కడా వంచనివ్వకండి. ఒక మాట మరిచిపోవద్దు: ఆ ఉక్కు తొడుగు కూడా లోహమే. భవనంలోకి వచ్చేచోటే దాన్ని వలిచి ఎర్త్‌కు కలపాలి, స్విచ్ ర్యాక్ దాకా తేకూడదు. తెస్తే పిడుగుకు మళ్లీ దారి వేసినట్టే.

స్ప్లైసింగ్ (పోగులు అతికే) మిషన్ ఉన్న టెక్నీషియన్‌తో ఆరు కోర్లనూ పిగ్‌టెయిల్స్‌కు అతికించండి. వాడేవి రెండే కదా అని నాలుగు వదిలేయడం మామూలు. అవసరమొచ్చిన నాడు ఆ నాలుగింటి కోసం టెక్నీషియన్‌ను మళ్లీ పిలవాలి. కోర్ల రంగులు వరసగా నీలం, ఆరెంజ్, ఆకుపచ్చ, బ్రౌన్, బూడిద, తెలుపు. రెండు పెట్టెల్లోనూ ఇదే వరస ఉండాలి. మిషన్ తెర మీద ఒక్కో అతుకు నష్టం 0.1 డీబీకి (వెలుతురు నష్టం కొలత) మించితే తెంపి మళ్లీ అతికించమనండి.

తర్వాత మాడ్యూల్‌ను పోర్టులోకి టక్ మనే దాకా తోసి, రబ్బరు మూత చివరి క్షణంలో తీసి, ప్యాచ్ కార్డు పెట్టండి. ఇక్కడే మిల్లుకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. సింగిల్ మోడ్ పోగులో వెలుతురు పోయే భాగం అడ్డంగా 9 మైక్రాన్లు. గాలిలో తేలే తవుడు దుమ్ములో ఒక్క రేణువు చాలు, దారి మూసుకుపోతుంది. కొత్త ప్యాచ్ కార్డయినా సరే, పెట్టే ముందు క్లిక్ క్లీనర్‌తో (కొన తుడిచే పెన్ను లాంటి పనిముట్టుతో) ఒక నొక్కు నొక్కండి. అది లేకపోతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూగు రాలని గుడ్డతో ఒకే దిశలో తుడిచి, పొడి గుడ్డతో మరోసారి తుడవండి. చొక్కా కొసతో తుడవడం, నోటితో ఊదడం రెండూ చేటే. వాడని పోర్టులకు మూతలు అలాగే ఉండనివ్వండి.

దారిలో పోయే వెలుతురు లెక్క డీబీల్లో చూడండి. 170 మీటర్లకు 0.07, రెండు అతుకులకు 0.2, ఎల్‌ఐయూల దగ్గరి రెండు కనెక్టర్ జంటలకు 0.5 చొప్పున 1. అంతా కలిపి 1.3 డీబీ. ఎల్‌ఎక్స్ మాడ్యూల్ మైనస్ 3 నుంచి మైనస్ 9.5 డీబీఎం (వెలుతురు బలం కొలత) మధ్య పంపుతుంది, మైనస్ 19 దాకా అందుకోగలదు. కాబట్టి స్విచ్ సెట్టింగుల పేజీలో మాడ్యూల్ వివరాలు తెరిస్తే, వచ్చే పవర్ మైనస్ 4 నుంచి మైనస్ 11 మధ్య కనబడాలి. మైనస్ 17 కనబడిందంటే లింకు దీపం వెలుగుతున్నా సంబరపడొద్దు. చివర్లు మళ్లీ తుడవండి, పెట్టెలో నొక్కుకుపోయిన పిగ్‌టెయిల్ ఉందేమో చూడండి. మొదటి రోజు రీడింగ్‌ను పెట్టె మూత లోపల రాసి అతికించండి. రెండేళ్ల తర్వాత మీకు అదే ఆధారం.

ఫైబర్ కరెంటు మోయదు కనుక కెమెరాలకు పీఓఈ (నెట్‌వర్క్ వైరులోనే వచ్చే కరెంటు) ఆఫీసు నుంచి రాదు. కాటా గదిలో పెట్టే స్విచ్ పీఓఈదై ఉండాలి. మామూలు కెమెరాకు పోర్టుకు 15.4 వాట్ల రకం సరిపోతుంది, అందులో కెమెరా దాకా చేరేది 12.95. తిరిగే కెమెరా అయితే 30 వాట్ల రకం చూడండి. స్విచ్‌ను చిన్న యూపీఎస్ మీద పెట్టండి.

ప్రశ్న: డిగ్రీ కళాశాలలో రెండు బ్లాకుల మధ్య ఫైబర్ వేశారు. రెండు స్విచ్‌లలోనూ మాడ్యూళ్లు పెట్టాం, ప్యాచ్ కార్డులు కలిపాం. లింకు దీపం రావట్లేదు. ఫోన్ కెమెరాతో చూస్తే మాడ్యూల్‌లో వెలుగు కూడా లేదు. మాడ్యూల్ పోయిందా?

జవాబు: ఆ పరీక్ష నమ్మకండి. ఫోన్ కెమెరాకు 850 నానోమీటర్ల మల్టీమోడ్ వెలుగు కొన్నిసార్లు కనబడుతుంది కానీ 1310 కనబడదు. కంటికి రెండూ కనబడవు, అయినా కంటికి హాని చేయగలవు. పోర్టులోకీ పోగు కొనలోకీ తొంగిచూడకండి.

ముందు ఒక చివర ప్యాచ్ కార్డు క్లిప్పు విప్పి రెండు ఎల్‌సీ కొనలనూ అటూ ఇటూ మార్చి పెట్టండి. ఇక్కడ పంపే పోగు అక్కడ అందుకునే రంధ్రంలోకి వెళ్లాలి. రెండు చివర్లా ఒకేలా పెడితే పంపేది పంపేదానికే ఎదురవుతుంది. ఒక్క చివర మారిస్తే చాలు, రెండు చివర్లూ మారిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

అప్పటికీ రాకపోతే మాడ్యూళ్ల చీటీలు చదవండి. రెండూ ఒకే వేగం, ఒకే తరంగం కావాలి. రాగి పోర్టు 10, 100, 1000లలో ఏదో ఒకటి తనే కుదుర్చుకుంటుంది. ఫైబర్‌లో ఆ వేగం సర్దుబాటు లేదు. ఒక వైపు 10 గిగాబిట్ మాడ్యూల్, ఇంకోవైపు గిగాబిట్ మాడ్యూల్ పెడితే దీపం ఎప్పటికీ రాదు. గిగాబిట్ మాడ్యూల్‌ను 10 గిగాబిట్ పోర్టులో పెట్టినప్పుడు చాలా స్విచ్‌లలో ఆ పోర్టు వేగం 1000 అని చేత్తో పెట్టాలి. 10 గిగాబిట్ మాడ్యూల్ మాత్రం గిగాబిట్ పోర్టులో పనిచేయదు. ఒక స్విచ్‌లో దీపం వెలిగి రెండోదాంట్లో వెలగకపోతే, ఆటో నెగోషియేషన్ (రెండు పోర్టులూ ముందుగా పలకరించుకునే సెట్టింగు) ఒక వైపే ఆపి ఉందేమో చూడండి. ఒకే పోగు మీద రెండు దిశలా నడిచే బైడై మాడ్యూళ్లకు మాత్రం ఒకే తరంగం కాదు, జంట ఉండాలి: ఒకటి 1310లో పంపి 1550లో అందుకునేది, రెండోది దానికి తిరగేసి. రెండూ ఒకే చీటీ ఉన్నవి కొంటే అవి కలవవు. షాపువాళ్లు ఒకే పెట్టెలోంచి రెండు తీసి ఇవ్వడం వల్ల ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది.

ఎల్‌ఐయూ పోర్టుల రంగు కూడా గమనించండి. ఆకుపచ్చది ఏటవాలుగా నూరిన కొన, నీలం నిటారు కొన. ఈ రెంటినీ ఎదురెదురు పెడితే మధ్యలో గాలి సందు మిగిలి నష్టం బాగా పెరుగుతుంది, కొనలూ గీరుకుపోతాయి.

ప్రశ్న: స్కూలు ల్యాబ్‌లో గిగాబిట్ స్విచ్, క్యాట్ 6 వైరు. కంప్యూటర్లలో సగానికి 100 ఎంబీపీఎస్ అనే చూపిస్తోంది. టెస్టర్‌లో మాత్రం 1 నుంచి 8 దాకా దీపాలన్నీ వరసగా వెలుగుతున్నాయి.

జవాబు: మామూలు టెస్టర్ తీగ తెగిందా లేదా అన్నదే చెబుతుంది. ఏ తీగ ఏ తీగతో మెలిపడి ఉందో దానికి తెలియదు. కనెక్టర్‌ను వెలుతురుకు పట్టి, క్లిప్పు కిందికి ఉంచి, ఎడమ నుంచి రంగులు చదవండి. మీ ల్యాబ్‌లో తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-గ్రీన్, గ్రీన్, తెలుపు-బ్లూ, బ్లూ, తెలుపు-బ్రౌన్, బ్రౌన్ అని కనబడుతుందని మా అంచనా. చూడ్డానికి ముచ్చటైన వరస, కానీ తప్పు. ఈథర్‌నెట్‌లో జంటలు 1-2, 3-6, 4-5, 7-8. ఆ వరసలో 3కు గ్రీన్ జంట తీగ, 6కు బ్లూ జంట తీగ వస్తాయి. మెలిక లేని రెండు తీగల మీద సిగ్నల్ పోతే పక్క జంట రొద అందులో కలుస్తుంది. చిన్న దూరాల్లో ఎలాగో నెట్టుకొస్తుంది, దూరం పెరిగితే స్విచ్ 100కు దిగిపోతుంది.

సరైన వరస: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-గ్రీన్, బ్లూ, తెలుపు-బ్లూ, గ్రీన్, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. రెండు చివర్లా ఇదే. మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పకండి. బయటి తొడుగు కనెక్టర్ లోపలికి వెళ్లి, క్రింపింగ్‌లో బిగిసే నొక్కు కింద ఉండాలి. తీగల కొసలు ముందు గోడకు ఆనాయో లేదో చూసి అప్పుడే నొక్కండి. క్యాట్ 6 తీగ మందం కాబట్టి క్యాట్ 5 కనెక్టర్లలో సరిగా దిగదు. ఆ రకానికి తగినవే కొనండి.

వరస సరిగానే ఉంటే వైరునే అనుమానించాలి. తీగను బ్లేడుతో గీరండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. విప్పని 305 మీటర్ల రోల్ మిగిలి ఉంటే ఇంకా తేలిక: ఒక చివర ఒకే జంట తీగలు రెండూ కలిపి మెలిపెట్టి, రెండో చివర మల్టీమీటర్‌తో నిరోధం చూడండి. ప్రమాణం ప్రకారం ఒక్కో తీగకు 100 మీటర్లకు 9.38 ఓములు మించకూడదు, కాబట్టి 57 లోపు రావాలి. మంచి క్యాట్ 6 అయితే 40 దరిదాపుల్లో ఉంటుంది. 60 దాటితే రోల్ వెనక్కిచ్చేయండి. అలాంటి వైరు మీద పీఓఈ నడిపితే కట్టలు వేడెక్కుతాయి. పిల్లలు కూర్చునే గదిలో అది అసలు వద్దు.

ప్రశ్న: ఇంటికి వచ్చిన ఇంటర్‌నెట్ ఫైబర్‌ను నేరుగా మా స్విచ్ ఎస్‌ఎఫ్‌పీ పోర్టులో పెట్టవచ్చా? కంపెనీవాళ్లు పెట్టిన డబ్బా ఒకటి తగ్గుతుంది కదా. (కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్)

జవాబు: కుదరదు. అది ఈథర్‌నెట్ కాదు, జీపాన్. ఒకే పోగు మీద కిందికి 1490, పైకి 1310 నానోమీటర్లు నడుస్తాయి. వీధిలోని స్ప్లిటర్ ద్వారా ఎన్నో ఇళ్లు అదే పోగును పంచుకుంటాయి. ఎవరు ఎప్పుడు పంపాలో అవతలి యంత్రం చెబుతుంది, మీ డబ్బాను సీరియల్ నంబరుతో గుర్తుపడుతుంది. మామూలు ఎల్‌ఎక్స్ మాడ్యూల్‌కు ఆ భాష రాదు. పైగా అది వేళగాని వేళ వెలుగు పంపితే పక్కిళ్ల లింకులూ చెడగలవు. డబ్బాను ఉంచి, దాని ల్యాన్ పోర్టు నుంచి స్విచ్‌కు క్యాట్ 6 ప్యాచ్ కార్డు కలపండి. విడిగా రౌటర్ ఉంటే డబ్బా, రౌటర్, స్విచ్ అనే వరసలో పెట్టండి.

ప్రశ్న: గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఆఫీసు, మిషన్ రూము స్విచ్‌ల మధ్య ఫైబర్ ఉంది. అది తెగితే పనికొస్తుందని పాత క్యాట్ 6 కూడా పక్క పోర్టులో పెట్టాం. ఐదు నిమిషాల్లో మొత్తం నెట్‌వర్క్ ఆగిపోయింది, దీపాలన్నీ ఒకేసారి గబగబా కొట్టుకుంటున్నాయి.

జవాబు: లూప్ పడింది, అంటే రెండు లింకులూ కలిసి ఒక చక్రం అయ్యాయి. ముందు ఆ క్యాట్ 6 పీకండి, నిమిషంలో తేరుకుంటుంది. ఈథర్‌నెట్ ఫ్రేముకు (డేటా మూటకు) ఆయుష్షు లెక్క ఉండదు. అందరికీ అని పంపిన ఒక్క ఫ్రేము ఫైబర్ మీద వెళ్లి రాగి మీద తిరిగొచ్చి, మళ్లీ అదే దారిలో తిరుగుతూ లింకంతా నింపేస్తుంది.

రెండూ మేనేజ్డ్ (సెట్టింగులు మార్చగల) స్విచ్‌లయితే రెంటిలోనూ ఆర్‌ఎస్‌టీపీ (లూప్ పడకుండా అదనపు లింకును ఆపి ఉంచే ఏర్పాటు) ఆన్ చేయండి. ఆఫీసు స్విచ్ ప్రయారిటీ 4096 పెట్టండి, అదే రూట్ (దారులు లెక్కపెట్టే మొదలు) అవుతుంది. రెండు లింకులూ 1 గిగాబిట్ కాబట్టి రెంటి కాస్టూ (దారి ఖరీదు; తక్కువ ఉన్నదే నడుస్తుంది) 20000 అవుతుంది. అప్పుడు ఏది నడవాలో పోర్టు నంబరు తేల్చేస్తుంది. అది మీకు నచ్చిన లింకే కావాలని లేదు. మిషన్ రూము స్విచ్‌లో రాగి పోర్టు కాస్ట్‌ను 200000 చేస్తే ఫైబర్ నడుస్తుంది, రాగి ఖాళీగా ఎదురుచూస్తుంది. ఫైబర్ ఒకసారి పీకి, రాగి అందుకుంటుందో లేదో మీ కళ్లతో చూసుకోండి. మేనేజ్డ్ కాకపోతే రెండో వైరు స్విచ్ పక్కన కట్టి ఉంచడమే మార్గం.

అయితే రెండు భవనాల మధ్య రాగి మిగిలి ఉన్నంతకాలం పైన రైస్ మిల్లువారికి చెప్పిన పిడుగు ముప్పు మీకూ ఉంటుంది. మీ ఫైబర్‌లో వాడని కోర్లు ఉంటాయి, ఎల్‌ఐయూ తెరిచి లెక్కపెట్టండి. వాటి మీద రెండో జత మాడ్యూళ్లు పెడితే మాడ్యూల్, ప్యాచ్ కార్డు పోయినప్పుడు ఆదుకుంటాయి. కేబులే తెగితే అన్ని కోర్లూ ఒక్కసారే తెగుతాయి గనుక, అసలైన రెండో దారి కావాలంటే ఇంకో ఫైబర్‌ను వేరే గోడ వెంబడి తీసుకెళ్లాలి. అది వేశాక పాత క్యాట్ 6ను రెండు చివర్లా తీసేయండి.