నాన్నకి ఎల్4-ఎల్5 ఫ్యూజన్ (నడుములో రెండు వెన్నుపూసల్ని కలిపేసే ఆపరేషన్) అన్నారు. ఎస్టిమేట్‌లో "ఇంప్లాంట్స్ 1,40,000" అని ఒక్క లైనే ఉంది. అందులో ఏమేం ఉంటాయి? ఇంపోర్టెడ్ తీసుకోవాలా?

మీరు ఒక్క ప్రశ్న అనుకుని అయిదారు అడిగారు. నాకు అర్థమైంది ఇదీ: నాన్నగారికి 58 ఏళ్ళు, ఎల్4 వెన్నుపూస ఎల్5 మీద ముందుకి జారింది, వీధి చివరిదాకా నడవాలంటే రెండుసార్లు అరుగు వెతుక్కుంటున్నారు. మామూలు ఇంప్లాంట్ అయితే 1,40,000, ఇంపోర్టెడ్ అయితే ఇంకో 60 వేలు అన్నారు. తర్వాత తీయించాలా, ఎంఆర్ఐ చేయించుకోవచ్చా, ఎయిర్‌పోర్టులో ఇబ్బందా అని అడిగారు. ఆఖర్లో మాటవరసకి "రోజుకో కట్ట బీడీలు కాలుస్తారు" అని కూడా రాశారు. మొత్తం పోస్టులో నేను ఆగిపోయింది అక్కడే. దాని సంగతి తర్వాత చెప్తా.

నేను డాక్టర్ని కాదు. పదమూడేళ్ళు ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్‌గా చేశా, ఎక్కువగా స్పైన్ కేసులకి స్క్రబ్ అయ్యేవాణ్ణి. ఆపరేషన్ చేసేది సారు, అంటే సర్జన్. ఆయన చెయ్యి చాపగానే అందులో సరైన పనిముట్టు పెట్టడం నా పని. 2021లో మా అమ్మకి ఇదే లెవెల్‌లో, అంటే ఈ రెండు వెన్నుపూసల మధ్యే, ఇదే ఆపరేషన్ అయింది. ఆ రోజు మాత్రం లోపలికి వెళ్ళలేదు. సారు రమ్మన్నారు గానీ నా చేతులు వద్దన్నాయి.

ముందు ఆ ఒక్క లైన్‌ని విప్పుదాం. ఒక లెవెల్ ఫ్యూజన్‌కి మామూలుగా నాలుగు పెడికిల్ స్క్రూలు పడతాయి, ఎల్4కి రెండు, ఎల్5కి రెండు. వాటిని నిలువునా కలిపే రాడ్లు రెండు. రాడ్డు స్క్రూ తలలోంచి జారకుండా పైనుంచి బిగించే సెట్ స్క్రూలు నాలుగు. డిస్కు తీసేసిన ఖాళీలో కూర్చునే కేజ్ ఒకటి, లేదా రెండు. ఎస్టిమేట్‌లో టీఎల్ఐఎఫ్ (ఒక పక్క నుంచి డిస్కు దగ్గరికి వెళ్ళే పద్ధతి) అని ఉంటే సాధారణంగా ఒక కేజ్, పీఎల్ఐఎఫ్ (వెనక రెండు పక్కల నుంచీ వెళ్ళేది) అని ఉంటే రెండు. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. ఒక్క లెవెల్‌కి బిల్లులో ఆరు స్క్రూలు కనిపిస్తే ఎందుకని అడగండి. అది మోసమే అయ్యుండాలని లేదు. వేసిన స్క్రూకి పట్టు చాలక తీసేసి, లావుది వేసి ఉండొచ్చు. ఏదైనా అడిగితే చెప్పాలి, అంతే.

స్క్రూ అంటే తలుపు బందుకి వేసే మేకులాంటిదేమో అనుకుంటారు. నడుముకి వాడేవి 6.5 మిల్లీమీటర్ల లావు, 45 మిల్లీమీటర్ల పొడవు అటూఇటూగా ఉంటాయి. తలతో కలిపి చూస్తే మన చిటికెన వేలంత. ఆ తల విచ్చిన పువ్వులా రెండు రేకులుగా ఉంటుంది, అటూ ఇటూ ఊగుతుంది. నాలుగు స్క్రూలూ ఒకే వరసలో, ఒకే వాలులో దిగడం కుదరదు కాబట్టి తల ఊగితేనే రాడ్డు అందులో సరిగ్గా పడుతుంది. లోహం టైటానియం మిశ్రమం, అందులో కొంచెం అల్యూమినియం, వెనేడియం కలుస్తాయి.

అసలు విషయం స్క్రూ కాదు, అది దిగే దారి. వెన్నుపూస వెనక భాగానికీ ముందున్న దిమ్మకీ మధ్య పెడికిల్ అని ఓ చిన్న ఎముక వంతెన ఉంటుంది. స్క్రూ దాని నడిమధ్య నుంచి పోవాలి. లోపలి గోడని ఆనుకునే నరాలు ఉంటాయి. సారు ముందు ఆల్ అనే మొనదేలిన పనిముట్టుతో చిన్న గుంట పెడతారు. తర్వాత ప్రోబ్ అడుగుతారు, కారు గేరు రాడ్డులా ఉంటుందని దాన్ని మేం గేర్‌షిఫ్ట్ అనేవాళ్ళం. దాన్ని సుత్తితో కొట్టరు, మణికట్టు తిప్పుతూ నెమ్మదిగా దించుతారు. మంచి ఎముక అయితే కరకరమంటూ ఒకే పట్టుతో దిగుతుంది. ఉన్నట్టుండి సులువుగా జారిందంటే ఓటీలో అందరూ ఊపిరి బిగబడతారు.

ఆ తర్వాత ఫీలర్. సన్నటి వంగే తీగ, కొసన ఆవగింజంత గుండు. దాన్ని రంధ్రంలోకి దించి నాలుగు గోడలూ, అడుగూ తడిమి చూస్తారు. ట్రేలో ఉన్న వందకి పైగా పనిముట్లలో దేన్ని ఎక్కువ గౌరవిస్తావంటే నేను దాన్నే చూపిస్తా. మా సారు అది దించాక కళ్ళు మూసుకునేవారు. "గోడ ఉంది, గోడ ఉంది, అడుగుంది" అన్నాక గానీ స్క్రూ అడిగేవారు కాదు. సి-ఆర్మ్‌లో ఎక్స్‌రే తీసి చూసుకునేది కూడా ఆ తర్వాతే. ఇప్పుడు నావిగేషన్ (కంప్యూటర్ తెర మీద దారి చూపించేది), రోబో వచ్చాయి, మంచివే. మామూలు ఒక లెవెల్ కేసుకి అవి లేవని భయపడొద్దు. సర్జన్ ఏటా ఇలాంటివి ఎన్ని చేస్తారో అడగండి, తప్పుపట్టుకోరు.

జారిన వెన్నుపూసని వెనక్కి లాగాలంటే ఎల్4లో రిడక్షన్ స్క్రూలు వేస్తారు. వీటి తల రేకులు పొడుగ్గా ఉంటాయి. సెట్ స్క్రూని ఆ రేకుల మధ్య బిగిస్తూ పోతే వెన్నుపూస మెల్లగా రాడ్డు దగ్గరికి వస్తుంది. పని అయ్యాక అదనంగా మిగిలిన రేకుల్ని విరిచేస్తారు. టక్, టక్. ఒక్కో స్క్రూకి రెండు ముక్కలు, రెండు స్క్రూలకి నాలుగు. అవి నా గిన్నెలో పడాలి. ఒకసారి మూడే ఉన్నాయి. కుట్లు వేయడానికి సిద్ధమవుతున్న సారుతో "సార్, ఒకటి రాలేదు" అన్నా. అప్పుడు ఆ మాట అనడం ఎంత కష్టమో అక్కడ నిలబడిన వాళ్ళకే తెలుస్తుంది. గాయంలో వెతికారు, సి-ఆర్మ్ పెట్టి చూశారు, లేదు. చివరికి సక్షన్ బాటిల్ అడుగున దొరికింది. పది నిమిషాలు పోయాయి, సారు ఒక్క మాట అనలేదు. ఇదెందుకు చెప్తున్నానంటే, మీరు కంపెనీ పేరు అడుగుతున్నారు గానీ, ఆ ముక్కల్ని లెక్కపెట్టే అలవాటున్న ఓటీ ఇంకా ముఖ్యం.

చివరి బిగింపుకి కౌంటర్ టార్క్ అని పొడుగు గొట్టం ఉంటుంది. స్క్రూ తలని అది కదలకుండా పట్టుకుంటే, పైనుంచి టార్క్ హ్యాండిల్‌తో తిప్పుతారు. సెట్‌ని బట్టి 10-12 న్యూటన్ మీటర్ల దగ్గర టిక్కుమంటుంది. అంతకంటే బిగించకూడదు, తక్కువైతే ఊడుతుంది. ఒక రాత్రి కంపెనీ కుర్రాడు పెట్టెలు దించి వెళ్ళాడు. పొద్దున తెరిస్తే అన్నీ ఉన్నాయి, ఈ హ్యాండిల్ లేదు. ఇంకో కంపెనీది పెడదామంటే పట్టలేదు. పేషెంట్‌కి అప్పటికి మత్తు ఇవ్వలేదు కాబట్టి సరిపోయింది. కేసు మధ్యాహ్నానికి వెళ్ళింది.

ఇక్కడ బయటివాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. చాలా ఆసుపత్రుల్లో స్పైన్ సెట్లు సొంతం కాదు, కేసున్న ముందు రోజు కంపెనీ నుంచి పెట్టెల్లో వస్తాయి, అయ్యాక వెళ్ళిపోతాయి. నిన్న ఇంకో ఊళ్ళో వాడిన ప్రోబే ఇవాళ మీకు రావచ్చు. అందులో తప్పేం లేదు, వచ్చిన వెంటనే విప్పి, బ్రష్‌తో కడిగి, ఆటోక్లేవ్ చేస్తే (వేడి ఆవిరితో క్రిముల్ని చంపితే) చాలు. పొద్దున ఏడింటికి కేసు పెట్టుకుని రాత్రి పదకొండుకి పెట్టెలొస్తేనే తిప్పలు. స్క్రూలు కూడా రెండు రకాలుగా వస్తాయి. ర్యాక్‌లో పేర్చి, మిగిలినవాటిని మళ్ళీ మళ్ళీ ఆటోక్లేవ్ చేసేవి ఒకటి. విడివిడిగా సీల్ చేసిన స్టెరైల్ ప్యాక్‌లో వచ్చేవి రెండోది. ఆ 60 వేలు ఎక్కువ ఇస్తే స్టెరైల్ ప్యాక్ వస్తుందా అని అడగండి. వస్తుందంటే ఆ డబ్బులో కొంతకి అర్థముంది. ఊరికే "ఇంపోర్టెడ్" అనే మాటకైతే నేను ఇవ్వను. అమ్మకి మన దేశంలో తయారైనవే వేయించా. మోకాలి ఇంప్లాంట్లకి 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధరలు పెట్టింది, వెన్ను స్క్రూలకి అప్పుడు పెట్టలేదు. అందుకే ఒక ఆసుపత్రికీ ఇంకోదానికీ అంత తేడా. తెలంగాణలో ఆరోగ్యశ్రీ గానీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ గానీ ఉంటే అడ్వాన్స్ కట్టకముందే ఆరోగ్యమిత్రని కలవండి.

స్టిక్కర్లు మాత్రం వదలొద్దు. స్టెరైల్ ప్యాక్ అయితే ప్రతిదాని మీదా కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లుంటాయి. ఒకటి కేస్ షీట్‌లో అంటిస్తారు, ఒకటి మీకివ్వాలి. ర్యాక్ స్క్రూలైతే కంపెనీ పేరు, సైజు, లాట్ నంబర్లు రాయించుకుని ముద్ర వేయించుకోండి. ఇది బిల్లు కోసమే కాదు. ఎప్పుడైనా మళ్ళీ తెరవాల్సి వస్తే ఒక కంపెనీ స్క్రూకి ఇంకో కంపెనీ డ్రైవర్ సరిపోకపోవచ్చు. ఎక్కడో చేయించుకుని ఏ కాగితమూ లేకుండా వచ్చిన ఒకాయనకి మూడు కంపెనీల డ్రైవర్లు పెట్టి చూశాం. నాలుగోది పట్టింది.

కేజ్ గురించి ఒక ఇంటి గొడవ చెప్తా. అమ్మ ఎక్స్‌రే చూసి మా బావ ఇల్లంతా ఎగిరాడు. "స్క్రూలున్నాయి, రాడ్లున్నాయి, కేజ్ ఏదీ? డబ్బు తీసుకుని పెట్టలేదు!" అని. ఆయన తప్పు కాదు. అమ్మకి వేసింది పీక్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసిన కేజ్. అది ఎక్స్‌రేలో కనిపించదు. ఎక్కడుందో తెలియడానికి అందులో టాంటలం అనే లోహంతో చిన్న గుర్తులు పెడతారు. రెండు వెన్నుపూసల మధ్య మూడు తెల్ల చుక్కలు చూపించాక బావ చల్లబడ్డాడు. టైటానియం కేజ్‌లైతే కనిపిస్తాయి.

ఆ కేజ్ బోలుగా ఉంటుంది, అందులో ఎముక కూరుతారు. ఆ ఎముక ఎక్కడిదంటే పేషెంట్‌దే. నరం మీద ఒత్తిడి తీయడానికి నిబ్లర్‌తో, కెరిసన్ పంచ్‌తో కొరికి తీసిన ముక్కలు నా గిన్నెలోకి వస్తాయి. చింతపండులో పీచు తీసినట్టు వాటికి అంటుకున్న కండంతా తీసి, బియ్యపు నూకంత చేసి, తడి గాజ్ గుడ్డ కింద దాచిపెట్టేవాణ్ణి. ఆ రోజు ఓటీలో అన్నిటికంటే విలువైన సరుకు అదే, దానికి బిల్లు లేదు. కేజ్‌లో, దాని చుట్టూ పెట్టిన ఈ నూకే పై వెన్నుపూసనీ కింది వెన్నుపూసనీ కలిపి ఒకే ఎముక చేయాలి. ఫ్యూజన్ అంటే అదే. 1911లో న్యూయార్క్‌లో ఆల్బీ, హిబ్స్ అనే సర్జన్లు ఈ ఆపరేషన్ చేసినప్పుడు స్క్రూలూ రాడ్లూ లేవు, ఎముకనే నమ్ముకున్నారు. పెడికిల్ స్క్రూలు పారిస్‌లో రాయ్-కామీ అనే సర్జన్ 1963 నుంచి వాడుకలోకి తెచ్చినవి. స్లాబు వేసే ముందు కింద సెంట్రింగ్ కర్రలు పెడతాం చూడండి, స్క్రూలూ రాడ్లూ అలాంటివి. స్లాబు గట్టిపడేదాకా మోస్తాయి. ఆరు నెలలు, ఏడాది అయినా ఎముక అతక్కపోతే ఎంత ఖరీదైన టైటానియమైనా ఊగీ ఊగీ వదులవుతుంది, లేదా విరుగుతుంది.

అందుకే బీడీ దగ్గర ఆగిపోయానన్నది. నికోటిన్ ఎముక అతుక్కోవడాన్ని అడ్డుకుంటుంది. ఖైనీ, గుట్కా కూడా నికోటినే, "బీడీ మానేసి ఖైనీ వేస్తున్నా" అంటే లాభం లేదు. కనీసం నెల ముందు నుంచి, తర్వాత ఎముక అతికిందని సర్జన్ చెప్పేదాకా ఆపాలి. 60 వేలు పెట్టి ఇంపోర్టెడ్ కొనడం కంటే ఇది కష్టం, నాకు తెలుసు. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోండి. ఎముక బలం చూడ్డానికి డెక్సా స్కాన్ అవసరమా అని కూడా అడగండి. అమ్మకి తక్కువ వచ్చింది, సారు ఆపరేషన్ రెండు నెలలు వెనక్కి జరిపి మందులు మొదలుపెట్టారు. మరీ బోలు ఎముకైతే స్క్రూ లోంచి సిమెంట్ పంపే రకాలు కూడా ఉన్నాయి. అయితే ఒక్కటి: మూత్రం మీద పట్టు తప్పినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా ఈ వాయిదాలేవీ వర్తించవు. అదే రోజు పరుగెత్తాలి.

మిగిలినవి త్వరగా. స్క్రూలు ఊడటమో, ఇన్ఫెక్షనో వస్తే తప్ప మామూలుగా తీయరు. టైటానియం అయస్కాంతానికి అతుక్కోదు కాబట్టి ఎంఆర్ఐ సాధారణంగా చేస్తారు, కాకపోతే స్క్రూల చుట్టుపక్కల బొమ్మ చెదిరినట్టు వస్తుంది. టెక్నీషియన్‌కి ముందే చెప్పి స్టిక్కర్ల కాగితం చూపించండి. ఎయిర్‌పోర్టు గేటు మోగనూవచ్చు, మోగకపోనూవచ్చు. కిందటేడు అమ్మని బెంగుళూరు పంపిద్దామని గన్నవరం తీసుకెళ్తే మోగింది. డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రే పట్టుకుని నేను అద్దం బయటి నుంచి సైగలు చేస్తున్నా. లోపల అమ్మ బొడ్లో దోపుకున్న తాళాల గుత్తి తీసి ట్రేలో పెట్టి, మళ్ళీ నడిచింది. మోగలేదు.