సిరా మరకల పరీక్షతో 'దూకుడు మనిషి' అని కోర్టు తేల్చేస్తుందా?

ప్రశ్న: నా భార్య విడాకులు, ఆరేళ్ల బాబు కస్టడీ కోరుతూ ఫ్యామిలీ కోర్టులో కేసు వేసింది. గతంలో కౌన్సెలింగ్‌కి వెళ్లినప్పుడు సైకాలజిస్టు నాకు సిరా మరకల బొమ్మలు చూపించి పరీక్ష చేశారు. 'దూకుడు స్వభావం ఎక్కువ' అన్న ఆ రిపోర్టు ఇప్పుడు కోర్టులో దాఖలైంది. నేనెప్పుడూ చెయ్యి చేసుకోలేదు. బాబు నాకు దక్కడా?

జవాబు: ఆ ఒక్క కాగితంతో బాబు మీకు దూరం కాడు. అలాగని దాన్ని తేలిగ్గా వదిలేయకండి.

మీకు చేసింది రోర్షాక్ పరీక్ష అయ్యుంటుంది. హెర్మన్ రోర్షాక్ 1921లో ప్రచురించిన 10 కార్డులనే అందులో ఇప్పటికీ వాడతారు. ఆలోచన గాడి తప్పిందా అన్నది పట్టుకోవడంలో దీనికి పరిశోధనల బలం ఉంది. ఎవరినైనా కొట్టారా, ఇకపై కొడతారా అన్నది మాత్రం ఇది చెప్పలేదు. కార్డులో రెండు జంతువులు పోట్లాడుకుంటున్నట్టు కనిపించడం వేరు, ఇంట్లో చెయ్యెత్తడం వేరు.

నిపుణుడి అభిప్రాయం భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 39 కిందకి (పాత చట్టంలో 45) వస్తుంది. ఆ అభిప్రాయానికి ఏ సమాచారం, ఏ కారణాలు ఆధారమో కోర్టు ముందు పెట్టాలని రమేశ్ చంద్ర అగర్వాల్ కేసులో (2009) సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 14 ప్రకారం జడ్జి ఆ రిపోర్టును ఎలాగూ స్వీకరించవచ్చు. కాబట్టి 'చెల్లదు' అన్న వాదన ఒక్కటే నమ్ముకోకండి. రిపోర్టును కోర్టు సాక్ష్యంగా మార్క్ చేసే (నంబరు వేసి రికార్డులో చేర్చే) రోజే అభ్యంతరం రికార్డు చేయించండి. సైకాలజిస్టును సాక్షిగా పిలవాలని, మీ జవాబులు రాసుకున్న ఒరిజినల్ షీట్లు, స్కోరింగ్ పత్రాలు తెప్పించాలని పిటిషన్ వేయండి.

అసలు బలం సైకాలజిస్టును మీ లాయరు ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఉంది. ఏ స్కోరింగ్ పద్ధతి వాడారు? ఎక్స్‌నర్ పద్ధతైతే (ఈ పరీక్ష జవాబులను లెక్కగట్టే ఒక విధానం) మొత్తం జవాబులు 14కి తగ్గాయా? తగ్గితే ఆ పరీక్ష లెక్కలోకి రాదు. ప్రతి జవాబు గురించీ 'ఎక్కడ కనిపించింది, ఎందుకలా అనిపించింది' అని రెండో విడతలో అడిగారా? దూకుడు కింద వేసిన ప్రతి జవాబునూ చదివించండి. బొమ్మలో అప్పుడే జరుగుతున్నట్టు చెప్పిన దాడినే లెక్కించాలి. 'తూటా తగిలిన ఎలుగుబంటి' లాంటిది, దాడి అప్పటికే అయిపోయింది కాబట్టి, అందులోకి రాదు. ఇక్కడే పొరపాట్లు దొరుకుతాయి. మీ ఇంటి సంగతులు ఎవరు చెప్పగా రాసుకున్నారు, మీ భార్య ఒక్కరేనా అన్నదీ అడగాలి.

బాబు సంక్షేమం విషయంలో కోర్టు చూసేది నడవడికను. స్కూలు ఫీజు రసీదులు, టీచర్ల సాక్ష్యం, వైద్యం చేయించిన కాగితాలు సిద్ధం చేసుకోండి.

కోర్టే మళ్లీ పరీక్షకు పంపితే వెళ్లండి. తగిన ఆధారాలుంటే అలా పంపే అధికారం కోర్టుకు ఉందని, వెళ్లకపోతే మీకు వ్యతిరేకంగా భావించవచ్చని శారద కేసులో (2003) సుప్రీంకోర్టు చెప్పింది. ఎర్రగడ్డ లేదా విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపమని కోరండి. కార్డులు నెట్‌లో ఉన్నాయి కదా అని ముందే చూసి, జవాబులు బట్టీపట్టి మాత్రం వెళ్లకండి. అది బయటపడితే మీ నిజం కూడా అనుమానంలో పడుతుంది.