క్రూజ్ కంట్రోల్ వదిలేస్తోందని వెంటనే కార్డు గీకకు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. డాలస్ వచ్చి ఏడాది కాలేదు, పాత పికప్ కొన్నావు, హైవే మీద క్రూజ్ కంట్రోల్, అంటే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా బండిని ఒకే వేగంతో నడిపే ఏర్పాటు, ఉన్నట్టుండి వదిలేస్తోంది, మళ్ళీ సెట్ చేస్తే కాసేపు బాగానే ఉంటోంది. మెకానిక్ ఆరు వందల డాలర్లు అడిగాడు, ఇవ్వాలా అని అడిగావు. ఇవ్వకు. ముందు ఆ ఆరు వందలు రూపాయల్లో ఎంతో లెక్క వేసుకుని, తర్వాత మిగతాది చదువు.

నేను వచ్చిన కొత్తలో నాదీ పాత పికప్పే. పని మీద ఐ-20 హైవే పట్టుకుని మిడ్‌ల్యాండ్ వైపు తరచూ వెళ్ళేవాణ్ణి. గంటల తరబడి తిన్నటి రోడ్డు, క్రూజ్ లేకపోతే కాలు పట్టేస్తుంది. నాకూ నీలాగే ఆగుతూ పనిచేస్తూ ఉండేది. ఒక షాపులో బండి ఇచ్చేసి, ఏం చూశారని అడక్కుండా వాళ్ళు చెప్పినదానికల్లా సరేనన్నాను. ముందు స్పీడ్ సెన్సర్ మార్చారు. కొన్నాళ్ళకు మళ్ళీ అదే. ఈసారి స్టీరింగ్ లోపల క్లాక్ స్ప్రింగ్ అన్నారు, అంటే స్టీరింగ్ ఎటు తిప్పినా దాని మీది బటన్లకీ హారన్‌కీ ఎయిర్‌బ్యాగ్‌కీ కరెంటు అందించే చుట్ట వైరు, అదీ మార్చారు. మొత్తం క్రెడిట్ కార్డు మీదే. బిల్లు ఒకేసారి కట్టలేక నెలనెలా వడ్డీ కట్టాను, ఆ నెలల్లో నాన్నగారికి పంపే డబ్బు తగ్గించాల్సి వచ్చింది. ఇప్పటికీ నాకు బాధనిపించేది ఆ తగ్గించిన డబ్బే.

చివరికి నాతో పనిచేసే పెద్దాయన ఒకరోజు తన కారులో నా వెనకే వచ్చి, "నువ్వు బ్రేక్ వేయకుండానే నీ బ్రేక్ లైట్లు వెలిగి ఆరుతున్నాయి" అన్నాడు. అసలు సంగతి అదీ. బ్రేక్ నొక్కగానే క్రూజ్ వదిలేయాలి, అది భద్రత కోసం పెట్టిన ఏర్పాటు. నొక్కిన సంగతి కంప్యూటర్‌కి చెప్పేది పెడల్ పైభాగంలో ఉండే చిన్న స్విచ్. అది అరిగినా, కాస్త పక్కకు జరిగినా, గతుకు తగిలినప్పుడల్లా బ్రేక్ వేసినట్టే కంప్యూటర్ అనుకుంటుంది. ఆ స్విచ్ ధర ఇద్దరు హోటల్లో భోంచేసినంత. పార్ట్స్ షాపులో కొని, పెడల్ కింద పడుకుని నేనే మార్చాను. ఆ తర్వాత చిన్న రిపేర్లకి షాపు మొహం చూడలేదు.

అందుకే నువ్వూ అక్కడే మొదలుపెట్టు. రాత్రి బండిని గోడ వైపు వెనక్కి పెట్టి, ఎవరినైనా వెనక నిలబెట్టి, పెడల్‌ని వేలితో మెల్లగా కదిలించు. తాకీ తాకగానే లైట్లు వెలిగినా, మినుకుమన్నా అనుమానం స్విచ్ మీదే. నొక్కినా లైట్లు వెలగకపోతే మాత్రం బాగుచేసేదాకా బండి రోడ్డెక్కించకు. పార్క్‌లోంచి గేరు ఒక్కోసారి కదలకపోవడం కూడా ఈ స్విచ్ లక్షణమే. ఇంకోటి, కొత్తగా వచ్చిన మనవాళ్ళు కొందరు ఎడమ కాలు బ్రేక్ మీద ఆనించి నడుపుతారు. నీకు ఆ అలవాటుంటే ముందు అది మానెయ్.

పాత యజమాని వెనక మామూలు బల్బులు తీసి ఎల్‌ఈడీలు పెట్టాడేమో చూడు. కొన్ని పాత ట్రక్కుల్లో ఆ మార్పుకే క్రూజ్ పనిచేయదు. ట్రైలర్ తగిలించే ప్లగ్గు తుప్పు పట్టిందేమో కూడా చూడు, బ్రేక్ లైట్ల వైర్లు అక్కడికీ వెళ్తాయి.

లైట్లు బాగానే ఉంటే అప్పుడు మిగతావి. స్పీడోమీటర్ ముల్లు ఊగుతుంటేనే స్పీడ్ సెన్సర్ మాట. స్టీరింగ్ తిప్పినప్పుడు క్రూజ్ పోతూ, హారన్ కూడా మొరాయిస్తూ, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితేనే క్లాక్ స్ప్రింగ్. దానికి మాత్రం నువ్వు చెయ్యి పెట్టకు, ఎయిర్‌బ్యాగ్‌తో ఆటలొద్దు, అక్కడ డబ్బు పెట్టాల్సిందే. చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉంటే చాలా బళ్ళు క్రూజ్‌ని ఆపేస్తాయి. 1996 తర్వాతి మోడల్ ఏదైనా డాష్‌బోర్డు కింద ప్లగ్గు ఉంటుంది, ఆటోజోన్ లాంటి పార్ట్స్ షాపులో అక్కడ పరికరం తగిలించి, బండి కంప్యూటర్ పట్టుకున్న లోపం కోడ్‌ని ఉచితంగా చదువుతారు. పీ0571 వస్తే బ్రేక్ స్విచ్ వైపు, పీ0500 వస్తే స్పీడ్ సెన్సర్ వైపు చూడాలి. కోడ్ చూపించేది ఎక్కడ వెతకాలో మాత్రమే, వైరు వదులైనా అదే కోడ్ వస్తుంది. కోడ్ చూసి పార్టు కొనేయకు.

రీకాల్ (లోపం ఉందని కంపెనీయే బళ్ళని బాగుచేయడానికి వెనక్కి పిలవడం) సంగతి నువ్వే చూసుకోగలవు, రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో బండికి ఉండే పదిహేడు అక్షరాల విన్ నంబరు కొడితే తెలుస్తుంది, మరీ పాత రీకాల్ అయితే అక్కడ కనిపించకపోవచ్చు. పాత ఫోర్డ్ ట్రక్ అయితే తప్పకుండా చూడు. క్రూజ్‌ని ఆపే స్విచ్ ఒకటి, బండి ఆపి ఉన్నప్పుడు కూడా నిప్పు అంటుకునే ప్రమాదం ఉందని ఫోర్డ్ లక్షలాది బళ్ళు వెనక్కి పిలిచింది. రీకాల్ పనికి మామూలుగా డీలర్ డబ్బు తీసుకోడు.

వాన పడుతుంటే క్రూజ్ బాగున్నా వాడకు. ఈ వారాంతం ఆ లైట్ల పని చూసి, ఏం కనిపించిందో ట్రక్ మోడల్, సంవత్సరంతో సహా రాయి. మెకానిక్ మళ్ళీ ఫోన్ చేస్తే, ఏ పరీక్ష చేసి ఆ పార్టు పోయిందని తేల్చాడో కాగితం మీద రాసివ్వమను.