సెల్‌ఫోన్ బిల్లు: తగ్గింపు మేలా, క్యాష్‌బ్యాక్ మేలా?

ప్రశ్న: అయ్యా, నేను కావలిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా అబ్బాయి కుటుంబం అమెరికాలో డాలస్ దగ్గర ఉంటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్లింటి సెల్‌ఫోన్ బిల్లు మీద భార్యాభర్తల మధ్య వాదన నడిచింది. నాలుగు లైన్లకు కలిపి నెలకు 220 డాలర్లు అవుతుందట. బ్యాంకు ఖాతా నుంచి ఆటోపే (నెలనెలా బిల్లు దానంతటదే కట్టయ్యే ఏర్పాటు) పెట్టుకుంటే లైనుకు 5 డాలర్ల చొప్పున 20 డాలర్లు తగ్గుతాయి కనుక అదే మేలని మా కోడలు అంటుంది. క్రెడిట్ కార్డుతో కడితే ఆ తగ్గింపు పోయినా 2 శాతం క్యాష్‌బ్యాక్ వస్తుందని, ఫోను పగిలితే బాగుచేయించిన ఖర్చు కార్డువాళ్లు ఇస్తారని, పైగా బ్యాంకు ఖాతా వివరాలు ఫోను కంపెనీ చేతిలో పెట్టనవసరం లేదని మా వాడు అంటాడు. తీర్పు చెప్పమని ఇద్దరూ నా దగ్గరకు వచ్చారు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాడినే అయినా ఈ లెక్క నాకు ఒక పట్టాన తేలలేదు.
– కావలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మాస్టారూ, ఈ లెక్క మీకు తేలకపోవడానికి కారణం ఒకటే. మీ కోడలు డాలర్లలో మాట్లాడుతున్నారు, మీ అబ్బాయి శాతాల్లో మాట్లాడుతున్నారు. రెండింటినీ ఒకే కొలతలోకి తెస్తే సగం వాదన అక్కడికక్కడే తీరిపోతుంది. 220 డాలర్ల బిల్లు మీద 20 డాలర్ల తగ్గింపు అంటే 9 శాతం పైమాటే. మీ అబ్బాయి కార్డు ఇచ్చేది 2 శాతం, అంటే నెలకు 4 డాలర్ల 40 సెంట్లు. ఫోను బిల్లుల మీద 5 శాతం ఇచ్చే కార్డులు కూడా అక్కడ ఉన్నాయి కానీ, వాటితో కట్టినా చేతికి వచ్చేది 11 డాలర్లే. కేవలం డబ్బు లెక్కే చూస్తే మీ కోడలిదే పైచేయి, అందులో సందేహం లేదు.

కంపెనీలు ఇంత తగ్గింపు ఊరికే ఇవ్వడం లేదు. వినియోగదారుడు కార్డు వాడిన ప్రతిసారీ ఆ మొత్తంలో కొంత రుసుముగా కంపెనీ చెల్లించుకోవాలి. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వస్తే ఆ ఖర్చు చాలావరకు తప్పుతుంది. అక్కడి ఫోను కంపెనీ టీ-మొబైల్ 2023 వరకు క్రెడిట్ కార్డు ఆటోపేకు కూడా లైనుకు 5 డాలర్లు తగ్గించి, ఆ ఏడాది నుంచి దానిని బ్యాంకు ఖాతాకూ డెబిట్ కార్డుకూ పరిమితం చేసింది. మరో కంపెనీ వెరైజాన్ కూడా దాదాపు ఇదే పద్ధతిలో నడుస్తూ, క్రెడిట్ కార్డుల్లో తన పేరుతో ఉన్న వీసా కార్డుకు మాత్రం మినహాయింపు ఇస్తుంది. మీ అబ్బాయిది ఏ కంపెనీయో మీరు రాయలేదు. వాళ్ల కంపెనీకీ అటువంటి సొంత కార్డు ఏదైనా ఉందేమో చూడమనండి.

మీ అబ్బాయి వాదనలో అసలు బలం క్యాష్‌బ్యాక్‌లో లేదు, ఫోను రక్షణలో ఉంది. నెల బిల్లును ఆ కార్డుతోనే కట్టినవారికి, ఆ బిల్లులో ఉన్న ఫోను పగిలినా దొంగతనానికి గురైనా కొంత పరిమితి మేరకు ఖర్చు తిరిగి ఇచ్చే సదుపాయం అక్కడి కొన్ని కార్డులకు ఉంది. ఉదాహరణకు 2 శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే వెల్స్ ఫార్గో బ్యాంకు యాక్టివ్ క్యాష్ కార్డులో ఒక్కో క్లెయిముకు 600 డాలర్ల వరకు ఇస్తారు, అందులో మొదటి 25 డాలర్లు మనం భరించాలి. మన నెల్లూరు రైతు ధాన్యం అమ్మేటప్పుడు పుట్టికి ఎంత ఇస్తారని అడిగి ఊరుకోడు, తరుగు ఎంత తీస్తారో కూడా అడుగుతాడు. ఇక్కడ తరుగు ఏమిటంటే, ఎక్కడో పారేసుకున్న ఫోనుకు ఈ రక్షణ వర్తించదు, ఏడాదికి ఇన్ని క్లెయిములే అన్న హద్దు ఉంటుంది, వేరే బీమా ఉంటే ముందు దాని దగ్గరకే వెళ్లమంటారు.

ఈ రక్షణ కోసం మీ వాళ్లు ఏడాదికి ఎంత చెల్లిస్తున్నట్టో చూద్దాం. వదులుకున్న తగ్గింపు 240 డాలర్లు, వచ్చిన క్యాష్‌బ్యాక్ 52 డాలర్ల 80 సెంట్లు. తేడా 187 డాలర్ల 20 సెంట్లు. పైకి ఉచితంగా కనబడే ఆ రక్షణకు అదే అసలు ప్రీమియం. బాగుచేయించడానికి 300 డాలర్లు అయిందనుకుంటే, 25 పోను 275 చేతికి వస్తుంది. కాబట్టి ఆ ఇంట్లో ఏటా ఒక ఫోను తప్పకుండా పగులుతుందంటే మీ అబ్బాయి మాట నిలుస్తుంది. రెండేళ్లకు ఒకటి పగిలితే 374 డాలర్లు పోసి 275 తీసుకున్నట్టు అవుతుంది. గత మూడేళ్లలో ఎన్ని ఫోన్లు పగిలాయో ఆయన్నే అడగండి; పిల్లల చేతిలో ఫోన్లు ఉన్న ఇల్లయితే జవాబు మీరు ఊహించినట్టు ఉండకపోవచ్చు. తగ్గింపు లైనుకు 10 డాలర్లు ఉన్న ప్లానులో అయితే ఏడాదికి వదులుకునేది 427 డాలర్లు దాటుతుంది కనుక, ఏటా ఒక ఫోను పగిలినా గిట్టుబాటు కాదు. అదే ఒక్క లైనుతో 85 డాలర్లు కట్టుకునే ఒంటరి ఉద్యోగికి లైనుకు 5 డాలర్ల తగ్గింపే ఉంటే, దానిని వదులుకోవడం వల్ల పోయేది క్యాష్‌బ్యాక్ పోను ఏడాదికి 40 డాలర్ల లోపే. ఖరీదైన ఫోను వాడుతున్నవాడైతే అతనికి నేను కార్డునే సూచిస్తాను.

మిగిలింది బ్యాంకు ఖాతా వివరాల భయం. దీనిని కొట్టిపారేయలేము. 2021లో టీ-మొబైల్ వినియోగదారుల వివరాలు కోట్ల సంఖ్యలో బయటికి పోయి, ఆ వ్యాజ్యాల పరిష్కారానికి ఆ కంపెనీ మరుసటి ఏడాది 35 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అక్కడి చట్టం కూడా రెండింటినీ ఒకేలా చూడదు. క్రెడిట్ కార్డు మీద మనకు తెలియకుండా జరిగిన ఖర్చుకు మన బాధ్యత 50 డాలర్లు మించదు. డెబిట్ కార్డు విషయానికి వస్తే 1978 నాటి చట్టం ప్రకారం, కార్డు పోయిన సంగతి తెలిసిన రెండు పనిదినాల్లో చెబితే 50 డాలర్లు, ఆలస్యమైతే 500 డాలర్ల వరకు మన మీద పడవచ్చు. ఖాతాలో జరిగిన మోసాన్ని స్టేట్‌మెంటు పంపిన 60 రోజుల్లోపు చెప్పకపోతే ఆ తరువాత పోయినదానికి హద్దే ఉండదు. పైగా క్రెడిట్ కార్డులో వివాదం తేలేదాకా చిక్కుకునేది బ్యాంకు డబ్బు, ఖాతాలో అయితే మన డబ్బు. అంతమాత్రాన నెలకు 20 డాలర్లు వదులుకోనవసరం లేదు. నిర్వహణ రుసుము లేని చిన్న చెకింగ్ ఖాతా (రోజువారీ చెల్లింపుల ఖాతా) ఒకటి విడిగా తెరిచి, జీతం పడే ఖాతాతో ముడిపెట్టకుండా, నెలకు బిల్లుకు సరిపడా డబ్బు మాత్రమే అందులో వేసుకుంటే ఆ భయం చాలావరకు తీరుతుంది.

ఇద్దరికీ సర్దుబాటయ్యే దారి ఒకటి అక్కడ కొందరు పాటిస్తుంటారు. ఆటోపేలో బ్యాంకు ఖాతానే నమోదు చేసి, ఖాతా నుంచి డబ్బు కోసే తేదీకి వారం ముందే క్రెడిట్ కార్డుతో స్వయంగా బిల్లు కట్టేస్తారు. కంపెనీ నిబంధన ఆటోపే నమోదై ఉండాలన్నంత వరకే ఉంటే తగ్గింపు నిలుస్తుంది, ఆ ఖాతా నుంచే డబ్బు రావాలని ఉంటే పోతుంది. ఒక నెల చేసి చూసి, తరువాతి బిల్లులో తగ్గింపు వరుస ఉందో లేదో గమనిస్తే సరిపోతుంది. తేదీ మరీ దగ్గర పడ్డాక కడితే మాత్రం రెండు చోట్లా డబ్బు పోయి, తిరిగి రాబట్టుకోవడానికి తిప్పలు పడాలి. ఈ పద్ధతి పనిచేయకపోతే, మీరు రాసిన అంకెల ప్రకారం నా ఓటు మీ కోడలికే.

ప్రశ్న: మా ఇంట్లో మూడు నంబర్లకు కలిపి పోస్ట్‌పెయిడ్ ప్లాను తీసుకున్నాము. పన్ను కాకుండా నెలకు 1,200 రూపాయలు. ఆటోపే పెట్టమని యాప్‌లో పదే పదే అడుగుతోంది. క్రెడిట్ కార్డు ఇవ్వమంటారా, బ్యాంకు ఖాతా ఇవ్వమంటారా?
– ఒంగోలు నుంచి ఒక గృహిణి

జవాబు: అమ్మా, పై ఉత్తరంలోని అమెరికా లెక్కను ఇక్కడికి తేవద్దు. మన దగ్గర ఆటోపే పెట్టినందుకు నెలనెలా బిల్లు తగ్గించడం మామూలు పద్ధతి కాదు. మొదటిసారి పెట్టినప్పుడు ఏదైనా క్యాష్‌బ్యాక్ ఇస్తే ఇవ్వవచ్చు, అంతే. వదులుకోవడానికి తగ్గింపు అంటూ లేనప్పుడు కార్డు ఇచ్చే పాయింట్లు ఎంత తక్కువైనా లాభమే. అయితే బిల్లు చెల్లింపులకు పాయింట్లు అసలే ఇవ్వని కార్డులు, తగ్గించి ఇచ్చే కార్డులు చాలా ఉన్నాయి కనుక మీ కార్డు నిబంధనల్లో ఆ ఒక్క వరుసను చదవండి. వేరే యాప్ ద్వారా కడితే ఆ యాప్ తీసుకునే రుసుమే పాయింట్లను మింగేయవచ్చు.

మీ బిల్లు 18 శాతం జీఎస్టీతో 1,416 రూపాయలు. దాని మీద 1 శాతం వచ్చిందనుకుంటే నెలకు 14 రూపాయలు, ఏడాదికి 170. అదే కార్డులో ఏదో ఒక నెల 20,000 రూపాయల బాకీ మిగిలిపోతే, నెలకు మూడున్నర శాతం చొప్పున 700 వడ్డీ, దాని మీద జీఎస్టీ 126, వెరసి 826 రూపాయలు. దాదాపు అయిదేళ్ల పాయింట్లు ఒక్క నెలలో తుడిచిపెట్టుకుపోతాయి. కార్డు బాకీ ప్రతి నెలా పూర్తిగా తీర్చే అలవాటు మీ ఇంట్లో ఉంటేనే కార్డు ఇవ్వండి, లేకపోతే యూపీఐ ఆటోపేతో ఖాతా నుంచే కట్టించండి.

ఎటు పెట్టినా మీకు తెలియకుండా డబ్బు పోతుందన్న భయం అక్కరలేదు. 2021 అక్టోబరు 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, కార్డు నుంచి డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి, ఆ కోతను ఆపుకునే వీలు మీకు ఉండాలి. ఓటీపీ అడగకుండా కోయగలిగే పరిమితిని అప్పట్లో 5,000 రూపాయలుగా ఉంచి, 2022 జూన్‌లో 15,000కు పెంచారు. మీ బిల్లు ఎటూ దాని లోపే. ఆటోపే నమోదు చేసేటప్పుడు గరిష్ఠ మొత్తం అడిగితే పెద్ద అంకె వేయకుండా 2,000 అని వేయండి.

ప్రశ్న: పాత కార్డు గడువు తీరి కొత్తది వచ్చింది. ఆటోపే ఉందన్న ధీమాతో బిల్లు చూసుకోలేదు. ఆలస్య రుసుము పడి, అవుట్‌గోయింగ్ కూడా ఆగిపోయింది. తప్పు ఎవరిది?
– నెల్లూరు, దర్గామిట్ట నుంచి ఒక వ్యాపారి

జవాబు: ముందు బిల్లు కట్టి లైను తెప్పించుకోండి, ఆ తరువాత తప్పు సంగతి చూద్దాం. కోత విఫలమైందని మీకు సందేశం వచ్చిందో లేదో ఫోనులోనూ ఈ-మెయిల్‌లోనూ వెతకండి. రాకపోతే ఆ విషయం రాస్తూ ఆలస్య రుసుము తీసేయమని కంపెనీని అడగండి. మొదటిసారి జరిగినదైతే చాలాసార్లు ఒప్పుకుంటారు. వచ్చి ఉంటే మాత్రం మీరు గట్టిగా అడగలేరు. కార్డు మారినప్పుడు పాత ఆదేశం దానంతటదే కొత్త కార్డుకు వస్తుందని అనుకోకండి. బ్యాంకు యాప్‌లో ఆటోపే ఆదేశాల జాబితా తెరిచి, ఆ కార్డు మీద ఇంకా ఏమేమి ఉన్నాయో, బీమా ప్రీమియం లాంటివి కూడా ఉన్నాయేమో, ఈ రోజే చూసుకోండి.