పేరున్నవారు ప్రజల దగ్గర చందా అడగడం న్యాయమేనా?

పరపతి ఉన్న సినీ ప్రముఖులూ పెద్ద సంస్థలూ క్రౌడ్‌ఫండింగ్‌కు, అంటే ఆన్‌లైన్‌లో ప్రజల నుంచి చందాల సేకరణకు, దిగితే చిన్నవారికి అందవలసిన డబ్బు అటు మళ్లిపోతుంది కదా అని మీరు అడిగారు. విజయవాడలో ఒక చిన్న నాటక సమాజం కోసం చాలా ఏళ్లుగా చందాలు పోగుచేస్తున్నవాడిగా, ఆ భయం నా అనుభవంలో నిజం కాలేదని చెప్పగలను. తుమ్మలపల్లి వారి కళాక్షేత్రం అద్దెకూ లైటింగుకూ మేకప్‌కూ మేము ఆన్‌లైన్‌లో విజ్ఞప్తి పెట్టినప్పుడు ఇచ్చినవారు దాదాపు అందరూ మమ్మల్ని ఎరిగినవారే: తోటి ఉద్యోగులు, గవర్నర్‌పేట వ్యాపారులు, పరిషత్తు పోటీల్లో మా ప్రదర్శన చూసి గుర్తుపెట్టుకున్నవారు. సినీనటుల విజ్ఞప్తులకు స్పందించే అభిమానులు మా వైపు వచ్చేవారే కారు కనుక, మేము వారిని పోగొట్టుకున్నదీ లేదు.

నా అభ్యంతరం మరొకచోట ఉంది. 2013లో అమెరికాలో 'వెరోనికా మార్స్' అనే టీవీ ధారావాహికను సినిమాగా తీయడానికి 90 వేల మందికి పైగా అభిమానులు కిక్‌స్టార్టర్ అనే ఆన్‌లైన్ చందాల వేదిక ద్వారా 57 లక్షల డాలర్లు ఇచ్చారు. హక్కులు వార్నర్ బ్రదర్స్ అనే పెద్ద సినీ సంస్థవి; డబ్బిచ్చినవారికి టీషర్టు, డిజిటల్ కాపీ వంటి కానుకలే తప్ప లాభంలో వాటా లేదు. నష్టభయం ప్రజలది, ఆస్తి కంపెనీది కావడం నాకు సమ్మతం కాదు. అదే ఏడాది తన సినిమా కోసం అక్కడే 31 లక్షల డాలర్లు సేకరించిన అమెరికన్ నటుడు జాక్ బ్రాఫ్, పెట్టుబడిదారుల దగ్గరకు వెళ్తే తుది కూర్పుపై తన అధికారం పోతుందని చెప్పుకున్నాడు. అది నిజాయితీ గల కారణమే, కానీ తరువాత పెట్టుబడితో ఒక ఫైనాన్స్ సంస్థ కూడా చేరేసరికి విమర్శలు పెరిగాయి.

పెద్ద సంస్థ వెనక నిలిచినంత మాత్రాన తప్పు కాదనడానికి 1976 నాటి 'మంథన్' ఉంది. శ్యామ్ బెనెగల్ తీసిన ఆ సినిమాకు గుజరాత్ సహకార పాల సంఘాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు ఇచ్చారు. ఆ సంఘాలు వారివే, తెరమీది కథా వారిదే.

అందుకే ఎవరు అడిగినా, తమ సొంత వాటా ఎంత, హక్కులు ఎవరివి, అనుకున్న మొత్తం రాకపోతే వచ్చిన డబ్బు ఏమవుతుంది అని నేను ముందుగా రాసి అడుగుతాను. ప్రతి ప్రదర్శన తరువాత మేము రసీదులతో సహా జమాఖర్చులు దాతలకు పంపుతాము; మాకన్నా ఎన్నో రెట్లు సిబ్బంది ఉన్న సంస్థకు అది భారమని నేను ఒప్పుకోను.