కత్తి ఎప్పుడు విరగాలి?

ప్రశ్న: నేనూ నా స్నేహితుడూ కలిసి చిన్న గేమ్ తయారుచేస్తున్నాం. అందులో ఆయుధాలు వాడేకొద్దీ అరిగి, చివరికి విరిగిపోతాయి. ఆడి చూసినవాళ్లంతా ఇదే చిరాగ్గా ఉందంటున్నారు. తీసేయమంటారా? ఇంకో సందేహం: నా కంప్యూటర్‌లో కత్తి త్వరగా విరుగుతోంది, అతని పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కువసేపు ఉంటోంది. ఎందుకని?

జవాబు: తీసేసే ముందు ఒకటి గమనించండి. వాళ్లు విసుక్కునేది కత్తి విరిగినందుకా, విరిగాక ఏం చెయ్యాలో తోచకా?

జెల్డా బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ (2017) మొదలుపెట్టిన కొత్తలో మంచి కత్తి దొరికితే దాచుకునేవాణ్ని, చెట్టుకొమ్మలతో నెట్టుకొచ్చేవాణ్ని. ఒకసారి బోకోబ్లిన్లనే రాక్షసుల మధ్య ఉండగా చేతిలోది ముక్కలైంది. వాటిలో ఒకదాని గద కింద పడితే అందుకుని దాంతోనే గెలిచాను. ఆ రోజు నుంచి దాచుకోవడం మానేశాను. ఆ ఆటలో కత్తి ఆస్తి కాదు, అంబులపొదిలో బాణం లాంటిది. విరగబోయేదాన్ని శత్రువు మీదికి విసిరితే, విరుగుతూ రెట్టింపు దెబ్బ కొడుతుంది. అంటే విరగడం కూడా ఒక ఎత్తుగడే. అందుకే అది నాకు అంత నచ్చింది.

మైన్‌క్రాఫ్ట్ ఆటలో చెక్క పికాక్స్ (తవ్వే పనిముట్టు) 59 దిమ్మెలు తవ్వడానికి సరిపోతుంది, ఇనుపది 250కి, వజ్రానిది 1561కి. బంగారుది 32కే అయిపోతుంది, కానీ తవ్వే వేగంలో దాన్ని మించింది లేదు. డయాబ్లో 2లో 'ఇథీరియల్' ఆయుధాన్ని బాగుచేయించలేం, బదులుగా దాని దెబ్బ యాభై శాతం ఎక్కువ. ఏది తీసుకోవాలా అని ఆటగాడు ఒక్క క్షణం ఆగుతాడు చూడండి, మీరు సంపాదించుకోవాల్సింది ఆ క్షణాన్నే.

మీ ఆటలో అరుగుదల వల్ల జరిగేది కమ్మరి దగ్గరికి వెళ్లి డబ్బు కట్టి రావడమే అయితే తీసేయండి. వేలమంది ఆడే ఆన్‌లైన్ ఆటల్లో ఆ ఖర్చుకు అర్థం ఉంది: రాక్షసుల్ని చంపినప్పుడల్లా పుట్టుకొచ్చే నాణేలను రిపేరు ఖర్చు మళ్లీ లాగేస్తుంది. ఒక్కడే ఆడే ఆటకు ఆ అవసరం లేదు.

అరుగుదలను ఆపేసి ఒకరోజు వాళ్లచేత ఆడించండి. ఆట తీరు ఏమీ మారకపోతే దాని వల్ల ఉపయోగం లేనట్టే. ఉంచాలనుకుంటే మాత్రం విరగబోతోందని ముందే కనిపించాలి, వినిపించాలి.

ఇక రెండో సందేహం. మీరు కత్తి మన్నికను ఫ్రేముల లెక్కన, అంటే తెరమీద బొమ్మ మారిన ప్రతిసారీ, తగ్గిస్తున్నారని నా అనుమానం. వేగమైన కంప్యూటర్‌లో సెకనుకు ఎక్కువ ఫ్రేములు వస్తాయి కాబట్టి కత్తి త్వరగా అరుగుతుంది. డార్క్ సోల్స్ 2లోనూ ఇదే జరిగింది: సెకనుకు 60 ఫ్రేములు నడిచే కంప్యూటర్లలో ఆయుధాలు, 30 ఫ్రేముల వాటికంటే రెట్టింపు వేగంగా అరిగేవి. 2015లో సరిచేశారు. కత్తి శరీరాన్ని తాకుతూ ఉన్నంతసేపూ కాకుండా, ఒక్కో వేటులో తగిలిన ఒక్కో శత్రువుకు ఒక్కసారే తగ్గించండి. రెండు యంత్రాల్లోనూ వంద వేట్లు వేసి మిగిలిన మన్నిక పోల్చి చూడండి, తేడా ఉండకూడదు.